తాండూరు బండల మీద ఒక ఉత్తరం

మాణెమ్మ పిడికిలి బిగించి చేతిని వీపు వెనక్కి పెట్టుకుంది.

"వేలు ఇయ్య సారూ. నేను చదవని కాయితం మీద నా వేలు పడది."

నా ఒక చేతిలో మూత తీసిన సిరా డబ్బీ, రెండో చేతిలో ఆసుపత్రి కాగితం. మధ్యాహ్నపు ఎండలో తాండూరు బండగని తెల్లగా మెరుస్తోంది. రొట్టెలు తింటున్న ఆడకూలీలు పదిమంది తినడం ఆపి మా వైపు చూస్తున్నారు. ఆ కాగితం మీద ఆమె వేలిముద్ర పడితే శుక్రవారం నాడు వికారాబాదులో ఆమె భర్త నర్సప్పకు ఆపరేషను జరుగుతుంది. పడకపోతే హైదరాబాదు నుంచి వచ్చే పెద్ద డాక్టరు ఇంకెవరికో కోసి వెళ్ళిపోతాడు. మళ్ళీ నెల దాకా రాడు. అది మంగళవారం.

"నా కొడుకు పానం కన్న నీ సదువు ఎక్కువైందానే?" ఆమె అత్త బాలమ్మ చేతిలో రొట్టె ముక్కను మూట మీదికి విసిరికొట్టింది.

"నేను చదివి వినిపిస్తానమ్మా, ఒక్క మాట వదలకుండా," అన్నాను.

మాణెమ్మ నన్ను కింది నుంచి పై దాకా చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"మీరు మంచోల్లే సారూ. మా మామకు పట్వారి గూడ మంచిగనే చదివి చెప్పిండు."

సిరా డబ్బీ మూత పెట్టేశాను. ఆ పట్వారి ఎవరో, నేను ఆ డబ్బీ పట్టుకుని ఆ గనికి ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే ముందురోజు దగ్గరికి వెళ్ళాలి.

వికారాబాద్: గుసగుసల బడి

మా పత్రిక నన్ను పంపింది పెద్దవాళ్ళ చదువుల మీద నాలుగు ముక్కలు రాసుకు రమ్మని. కొత్త రాష్ట్రం ఏర్పడి ఎంతో కాలం కాలేదు. నయా పైసలు చేతుల్లోకి వచ్చినా నోళ్ళలో ఇంకా అణాలే. హైదరాబాదులో ఒక అధికారి తన బల్ల సొరుగులోంచి మూడు నివేదికలు తీసి ఇచ్చాడు. వాటిలో కేంద్రాలున్నాయి, లాంతర్లున్నాయి, పలకలున్నాయి; మనిషి పేరు ఒక్కటీ లేదు. వాటిని సంచిలో పడేసుకుని సోమవారం పొద్దున నాంపల్లిలో బండెక్కాను.

వికారాబాదు స్టేషనులో చాయ్ మా బందరు కాఫీ హోటలు వాళ్ళు చూస్తే పాయసం అనుకుంటారు. అంత చిక్కగా, అంత తీపిగా ఉంది. కప్పు అణా. సగం సాసరులో పోసి పక్కవాడికి ఇవ్వడం ఇక్కడి మర్యాద. ముక్కూమొహం తెలియని ఒక పెద్దమనిషి తన చాయ్‌లో సగం నా ముందుకు జరిపి, "తీసుకోండ్రి, ఫికర్ లేదు," అన్నాడు. మా వైపు పరాయివాడికి మంచినీళ్ళిస్తారు, కులం అడిగాక. ఈయన కులమూ అడగలేదు, పేరూ అడగలేదు.

ఊరికి దూరంగా చెట్ల మధ్య ఒక చిన్న క్షయ ఆసుపత్రి ఉంది. పేరు రాయవద్దని డాక్టరుగారు కోరారు కనుక రాయడం లేదు. రోగులు నెలల తరబడి మంచం దిగకుండా ఉండాలి. పనిచేసి బతికిన చేతులకు అంతకు మించిన శిక్ష లేదు. అందుకని ఏడో నంబరు మంచం మీది రోగి, బయట ఉన్నప్పుడు బడిపంతులు, తన వార్డులో బడి మొదలుపెట్టాడు.

అలాంటి బడి నేనెక్కడా చూడలేదు. విద్యార్థులందరూ వెల్లకిలా పడుకుని, పలకలు గుండెల మీద పెట్టుకుని ఉన్నారు. గొంతెత్తితే దగ్గు వస్తుంది గనుక ఎవరూ పైకి చదవకూడదని నియమం. పంతులు ఒక అక్షరం గుసగుసగా చెబుతాడు. ఎనిమిదో మంచం దాన్ని తొమ్మిదో మంచానికి గుసగుసగా అందిస్తుంది. వార్డు చివర పదహారో మంచం చేరేసరికి పాఠం కొన్నిసార్లు మారిపోతుందట. "నేను ఆవు అని పంపితే అక్కడ ఆకు అయి కూచుంటుంది," అని పంతులు నవ్వబోయి దగ్గాడు.

ఆ పదహారో మంచం మీదివాడే నర్సప్ప. తాండూరు గనిలో బండలు కొట్టేవాడు. ముప్పై దాటి ఉండవు. మణికట్లు ఇంకా లావుగా ఉన్నాయి, మిగతా మనిషి దుప్పటి కింద కనిపించడు. వచ్చి ఎనిమిది నెలలైందట.

డాక్టరుగారు నన్ను వరండాలోకి పిలిచారు. "మీరు తాండూరు పోతున్నరు కదా, ఒక పని చేసి పెట్టాలె," అన్నారు. నర్సప్పకు ఒక వైపు పక్కటెముకలు కొన్ని తీసి, చెడిన ఊపిరితిత్తిని అణిచిపెట్టాలి. అది తప్ప దారి లేదు. రోగి ఒప్పుకోలుతో పాటు ఇంటివాళ్ళ ఒప్పుకోలు కూడా కావాలి. టపాలో పంపిన కాగితం ముద్ర లేకుండానే తిరిగి వచ్చింది. "ఎందుకో తెలుస్తలేదు. మొగుడంటే ఇష్టం లేదా అంటే, నెలనెలా రైలెక్కి వస్తది. మీరు చదువుకున్నోళ్ళు, నచ్చజెప్పి వేలు పెట్టించుకొని రండ్రి."

చిన్న పని అనుకుని, ఆయన ఇచ్చిన కాగితమూ సిరా డబ్బీ సంచిలో వేసుకున్నాను.

బయల్దేరుతుంటే నర్సప్ప వేలితో సైగ చేసి పిలిచాడు. దిండు కింది నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు.

"మాణెమ్మకు ఇయ్యుండ్రి. నేనే రాసిన." ఆ చివరి మాట దగ్గర గొంతు కొంచెం లేచింది. పదిహేనో మంచం "ష్" అన్నది. అతను మళ్ళీ గుసగుసలోకి దిగాడు. "ఆమె గూడ నేర్సుకుంటున్నది, గని కాడ. మీరు మాత్రం చదవొద్దు సార్. ఒట్టు."

ఒట్టు పెట్టాను.

ధారూర్: మూడు నోళ్ళ మాట

మంగళవారం పొద్దుటి బండి ధారూర్లో కొద్దిసేపే ఆగుతుంది. ఆ కాస్తలో సీతాఫలాల గంపలు కిటికీల మీదికి వాలాయి. పావలాకు డజను. మా వైపు వీటిని దొడ్డిలో పిల్లలు కోసుకుతినే పండ్లుగానే చూస్తారు. ఇక్కడి పండు నా గుప్పిట్లో పట్టేలా లేదు. నేను చిల్లర లెక్కపెడుతుండగా బండి కదిలింది. అమ్మే ఆవిడ పక్కనే పరుగెత్తుతూ పండ్లు నా ఒళ్ళోకి విసిరింది. పన్నెండుకు బదులు తొమ్మిది అందాయి. ఒకటి కళ్ళజోడు మీద పగిలింది. మిగిలిన దారంతా ప్రపంచం జిగటగా కనిపించింది.

ఎదురు బల్ల మీద గొంగడి కప్పుకున్న ఒక గొర్రెలకాపరి, ఒళ్ళో చిన్న గొర్రెపిల్లతో కూర్చున్నాడు. నేను కళ్ళజోడు తుడుచుకోవడం అయ్యేదాకా ఆగి, టికెట్టు అట్టముక్క నా ముందు పెట్టాడు.

"సారూ, జర చూడుండ్రి. గిది యాడిదాకా ఉన్నది?"

"తాండూరు దాకా ఉంది."

తల ఊపి, టికెట్టు తీసుకుని లేచి, పెట్టె అవతలి చివర ఉన్న రైల్వే గుమాస్తాకు చూపించాడు. తరవాత తలుపు దగ్గర నిలబడ్డ ఒక కాలేజీ కుర్రవాడికి చూపించాడు. వచ్చి తృప్తిగా కూర్చున్నాడు.

నేను కొంచెం నొచ్చుకున్నాను. "నేను చెప్పానుగా?"

"చెప్పిండ్రు. మా కాడ గంతే సారూ. చదివెటోడు ఒక్కడైతే విను. ఇద్దరైతే ఆలోచన చెయ్యి. ముగ్గురు ఒక్కటే మాటంటే బండెక్కు."

"కానీ నువ్వు ముందే బండి ఎక్కేశావు కదా!"

"గందుకే పరేషాన్ అయిన!" అన్నాడు. పెట్టె అంతా నవ్వింది, గొర్రెపిల్ల కూడా అరిచింది. దాన్ని నేనొక తమాషాగానే పుస్తకంలో రాసుకున్నాను.

తాండూరు: అరుపుల బడి

తాండూరు మొన్నమొన్నటి దాకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. స్టేషను బయట రొట్టెల దుకాణం ఆవిడ "బర్రి, కూడ్రి" అని కన్నడంలో కూర్చోబెట్టి, "ఏం పెట్టాలె?" అని తెలుగులో అడిగి, డబ్బులు ఉర్దూలో తీసుకుంది. జొన్నరొట్టె, పుంటికూర అని వీళ్ళనే మా గోంగూర, పల్లీల పొడి: ఆరణాలు. అన్నం లేకపోతే భోజనమే కాదనుకునే జిల్లా నాది. మూడో రొట్టె దగ్గర ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

గని ఊరి అంచున ఉంది. భూమిని పొరలు పొరలుగా విప్పి ఆరబెట్టినట్టు బండలు. మగవాళ్ళు గడపారలతో పొర లేపుతారు, ఉలితో అంచులు కొడతారు. ఆడవాళ్ళు రాతిముక్కలు గంపలతో మోస్తారు. మధ్యాహ్నం రొట్టెలు తినడానికి కాస్త విరామం. ఆ విరామంలోనే, తింటూ తింటూ, బడి.

బడి నడిపేది సుశీలమ్మ. ఆమె తల్లిదండ్రులు ధారూర్ దగ్గర పొలాల్లో కూలి చేసుకునే క్రైస్తవులు. ఆమె మిషను బడిలో చదివి టీచరయింది. సర్కారు పలకలు పంపింది గానీ అవి గనిలో నెల కూడా బతకలేదు. "చుట్టూ ఇన్ని బండలు పెట్టుకొని పలకల కోసం ఏడ్చుడెందుకని, బండల మీదనే మొదలుపెట్టిన," అన్నది. ఒక్కొక్కరికి ఒక్కో బండ. సుద్దముక్కతో అరచేయంత అక్షరాలు. పక్కన సుత్తెల మోత ఆగదు కనుక పాఠం అరిచి చదవాలి. నిన్న గుసగుస విన్న చెవులతో ఆ అరుపు విని ఉలిక్కిపడ్డాను.

చిక్కేమిటంటే సాయంత్రానికి ఆ బండలు లారీలెక్కుతాయి. "మొన్న ఒకామె పాఠం మరిచిపోయిందేందే అంటే, 'నా పాఠం సికింద్రాబాద్ పోయింది టీచరమ్మా' అన్నది," అని సుశీలమ్మ నవ్వింది. ఎక్కడో పట్నంలో ఎవరి ఇంటి నడవాలోనో బోర్లించిన బండ కింద మాణెమ్మ రాసిన 'ఇల్లు' ఉండి ఉంటుంది.

నేను వినయంగా ఒక బండ అంచున కూర్చుని అంతా విన్నాను. లేచేసరికి ఆడవాళ్ళందరూ ఒకటే నవ్వు. నా నల్ల పంట్లాము వెనక అక్షరాలు అచ్చుపడ్డాయట. ఆ పాఠం ఎవరిదో ఆవిడ లేచి వచ్చి, "సారు నా 'పలక' మొత్తం తీసుకపోతున్నడు, ఇప్పుడు నేనేం చదవాలె?" అని నిలదీసింది. దులుపుకోవడానికి వెనక్కి చెయ్యి అందక తిప్పలు పడుతుంటే నవ్వు ఇంకా పెరిగింది. ఆ నవ్వుల మధ్యే నేను సిరా డబ్బీ తీశాను. నవ్వు ఆగిపోయింది. పిడికిలి బిగుసుకుంది.

పట్వారి కథ సుశీలమ్మ చెప్పింది. మధ్యమధ్య బాలమ్మే అందుకుంది. వాళ్ళది గొర్రెలు కాచే కుటుంబం. నిజాం రోజుల్లో ఊరి పట్వారి, అంటే మా వైపు కరణం, ఒక కాగితం తెచ్చి, ఇది కంచె బీడులో గొర్రెలు మేపుకోవడానికి అనుమతి పర్వానా అని చదివి వినిపించి, బాలమ్మ భర్త వేలు తీసుకున్నాడు. అది వాళ్ళ చెలకకు రాజీనామా. భూమి వదులుకుంటున్నామన్న కాగితం. భూమి పోయాక గొర్రెలు పోయాయి, గొర్రెల తరవాత ఊరు.

"గా వేలే మమ్ముల గనికి తోలింది," అన్నది బాలమ్మ. గనికి తోలిన ఆ వేలే కొడుకు ఊపిరితిత్తుల్లోకి బండల దుమ్ము కూడా పంపిందన్న మాట ఆమె అనలేదు. అక్కడ ఉన్నవాళ్ళెవరికీ చెప్పనక్కర్లేదు.

"కోడలుగ అడుగుపెట్టిన్నాడు నాతోని ఒట్టేపించుకున్నది ఈమెనే సారూ," అన్నది మాణెమ్మ. "తెలువని కాయితానికి వేలియ్యొద్దు బిడ్డా అన్నది. నేను మరువలే. గామె మరిచింది."

"మరువలేనే," అన్నది బాలమ్మ, గొంతు తగ్గించి. "పానమాయె. గది భూమి, గిది కొడుకు."

మాణెమ్మ కాగితం చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఇంగ్లీషులో అచ్చు వేసింది అది. ఆమె తొమ్మిది నెలలుగా, తిండి వేళ తిండి తగ్గించుకుని, తెలుగు అక్షరాలు నేర్చుకుంది.

"గిండ్ల ఒక్క అక్షరం గూడ నాకు తెలిసిన మొఖం లేదు," అన్నది.

పదకొండు బండలు

అప్పుడు గుర్తొచ్చి నర్సప్ప ఉత్తరం ఇచ్చాను. మడత విప్పి ఆమె చాలాసేపు చూసింది. కాగితాన్ని దూరం పెట్టింది, దగ్గర పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"టీచరమ్మా, చీమలున్నట్టున్నయి."

సుశీలమ్మకు విషయం వెంటనే అర్థమైంది, నాకు తరవాత అర్థమైంది. మాణెమ్మ నేర్చుకున్నది అరచేయంత అక్షరాలు. నర్సప్ప గుండెల మీది చిన్న పలకకు అలవాటుపడి, పెన్సిలుతో బియ్యపుగింజలంత అక్షరాలు రాశాడు. భార్యాభర్తలిద్దరికీ చదువు వచ్చింది కానీ ఒకరి చదువు ఒకరికి కనిపించేంత కొలతలో లేదు.

"నేను చదివి చెప్పాలెనా?" అన్నది సుశీలమ్మ.

"వద్దు."

మాణెమ్మ సుద్ద తీసుకుని కొత్త బండ ముందు గొంతుక్కూర్చుంది. ఉత్తరంలోని మొదటి అక్షరాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, దాని ఆకారాన్ని అరచేయంత చేసి బండ మీద గీసింది. తరవాత రెండోది. అలా ఒక్కొక్క చీమనూ పెద్దది చేసుకుంటూ పోయింది. బండ నిండితే ఇంకో బండ. పని గంట కొట్టారు. మేస్త్రీ కేక వేయబోయి, సంగతి విని, తల గోక్కుని వెళ్ళిపోయాడు. ఆమె వంతు గంపలు మిగతావాళ్ళు పంచుకుని మోశారు.

బండలు పదకొండయ్యాయి. అప్పుడు లేచి నిలబడి మొదటి బండ దగ్గరికి వెళ్ళింది. ఆ బడిలో చదవడమంటే అరవడమే. వాళ్ళకు వేరే విధంగా చదవడం రాదు. ఆమె ఒక్కతే మొదలుపెట్టినా, అలవాటు కొద్దీ గంపలు దింపి వచ్చిన వాళ్ళందరూ గొంతు కలిపారు.

"మా-ణె-మ్మ-కు న-ర్స-ప్ప రా-సే-ది!"

నేను చదవనని ఒట్టు పెట్టిన ఉత్తరం గనంతా వినబడింది. నేను బాగున్న. దగ్గు ఉంది. ఎముకలు తీస్తరట. ఇక్కడి దాకా మంచి హుషారుగా సాగింది. ఆరో బండ దగ్గర అరుపు కాస్త తడబడింది.

"నా-కు భ-యం."

సుత్తెల మోత తగ్గింది. మగవాళ్ళు కూడా వింటున్నారు. ఏడో బండ.

"అ-వ్వ-కు చె-ప్ప-కు!"

అవ్వంటే ఇక్కడ అమ్మ; ఆ సంగతి అరిచాక గాని ఎవరికీ స్ఫురించలేదు. అందరూ ఒక్కసారి బాలమ్మ వైపు తిరిగారు. ఆమెకు చదువు రాదు, కానీ చెవులున్నాయి. లేచి వచ్చి ఏడో బండ ముందు నిలబడింది.

"ఏంది, నాకు చెప్పవద్దన్నది?" అన్నది ఆ బండతోనే. తరవాత ఆరో బండ వైపు వేలు చూపించింది. "గిదేనా? భయమన్నది గీన్నే ఉన్నదా?"

"గీన్నే అత్తా."

బాలమ్మ వంగి ఆ రెండు మాటల మీద చెయ్యి వేసి తడిమింది. సుద్ద కొంచెం చెరిగింది. "నా కొడుకు భయమైతున్నదని నాతోని ఎన్నడు చెప్పలే," అన్నది. పక్కకు వెళ్ళి కూర్చుంది. ఆ తరవాత ఆమె నోట వేలిముద్ర మాట రాలేదు.

మిగిలిన బండలు మాణెమ్మ ఒక్కతే, అరవకుండా, పెదవులు కదిలిస్తూ చదివింది. అయినా మేమందరం చూస్తూనే ఉన్నాం. నీవు ఒప్పుకుంటే కోయించుకుంట. వద్దంటే ఇంటికొస్త. నీ మనసుల మాట చెప్పు. చివరి బండ మీద: మేక ఈనిందా?

"ఈనింది," అన్నది మాణెమ్మ, బండను చూస్తూ. "రెండు."

ఆ సాయంత్రం లారీ వచ్చినప్పుడు మేస్త్రీ ఆ పదకొండు బండల్ని వదిలి మిగతావి ఎక్కించాడు.

నా తెలుగు కాగితం

బుధవారం మధ్యాహ్నం ఆమె నా దగ్గరికి వచ్చింది. "సారూ, గా ఇంగ్లీషు ముచ్చట తెలుగుల రాయుండ్రి. పెద్దగ రాయుండ్రి." కంది చేను గట్టు మీద కూర్చుని నా నోటు పుస్తకంలో నాలుగు పేజీలకు పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. ఆమె అంతా చదివింది. తప్పు లేకుండా చదివింది.

ఇక సంతకం పెడుతుందనుకున్నాను. నా పేజీలు మడిచి కొంగున కట్టుకుంది.

"రేపు మీతోని వస్త. డాక్టరు సారును గూడ ఇదే కాయితం తెలుగుల రాయమంట. మీ కాయితం ఆయనకు చూపియ్య. రెండు పక్కపక్కన పెట్టి సూస్త. ఒక్కటే ఉంటే సంతకం చేస్త."

రైల్లో చూసిన టికెట్టు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ముగ్గురు దొరకలేదు, ఇద్దరితో సరిపెట్టుకుంటోంది. నాకు నవ్వు రాలేదు. నిజం చెప్పాలంటే ఆ పేజీలు వెనక్కి అడగాలనిపించింది. ఎందుకో నాకు తెలుసు.

వరండా

గురువారం బండిలో ఆమె కిటికీ దగ్గర కూర్చుని స్టేషన్ల పేర్లన్నీ చదివింది, గని గొంతుతో. "ధా-రూ-ర్!" అన్నప్పుడు పక్క పెట్టెలోంచి ఎవరో తొంగిచూశారు. ఇన్నాళ్ళూ నెలనెలా వచ్చేటప్పుడు స్టేషన్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదట. ఒకసారి మధ్యలో బండి ఊరికే ఆగితే లెక్క తప్పి ముందే దిగిపోయి, పట్టాల వెంట నడిచి వచ్చిందట.

డాక్టరుగారు ముందు విసుక్కున్నారు. "నా చేతిరాత మా కాంపౌండరుకే అర్థం కాదు," అన్నారు. ఆమె కదలకపోయేసరికి కుర్చీ లాక్కుని, నుదురు చిట్లించి, తెలుగులో రాయడం మొదలుపెట్టారు. రాస్తూ రాస్తూ రెండుసార్లు ఆగి ఇంగ్లీషు కాగితాన్ని తామే కొత్తగా చదివినట్టు చదివారు.

ఆసుపత్రి వరండాలో పరిచినవి తాండూరు బండలే. మాణెమ్మ కొంగు ముడిలోంచి సుద్దముక్క తీసింది. ఒక వరసలో నా మాటలు, పక్క వరసలో డాక్టరుగారి మాటలు, అరచేయంత అక్షరాలతో. నర్సులు పక్కకు ఒదిగి నడిచారు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. అది ఎక్కడ ఆగుతుందో నాకు ముందే తెలుసు.

అక్కడే ఆగింది.

"సారూ. గీ మాట మీ దాంట్ల లేదు."

డాక్టరుగారి వరసలో ఉన్నది ఇది: ఆపరేషనులో ప్రాణం పోయినా మాకు సమ్మతమే. ఆ చోట నా వరసలో ఉన్నది: దేవుని దయ వల్ల అంతా మంచి జరుగుతుంది.

ఇంగ్లీషులో దేవుడు లేడు. ఆయనను నేను పెట్టాను. ఏడో బండ ముందు నిలబడ్డ బాలమ్మను చూశాక, ఆ మాట రాయడానికి నా కలం ఆడలేదు. ఒక్క వాక్యమే కదా అనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా పత్రికల్లో పనిచేస్తున్నవాణ్ణి. ఒక్క వాక్యం మింగితే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు.

"నువ్వు భయపడతావని..." అన్నాను.

ఆమె నా మీద అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మా మామ భయపడ్తడని పట్వారి గూడ గా మాట చెప్పలే సారూ," అన్నది. తరవాత నా మొహం చూసి జాలిపడిందేమో, "మీరు మంచికే చేసిండ్రు. అయినా చెప్పాలె," అన్నది.

ఆ వాక్యాన్ని మొదటి నుంచి ఇంకోసారి చదివింది. లేచి వార్డులోకి వెళ్ళింది. "ఏమయ్యా, మేక రెండు పిల్లలు పెట్టింది!" అని ఆమె గొంతు వార్డంతా మోగింది. పదహారు మంచాలు ఒక్కసారిగా "ష్" అన్నాయి. ఆ తరవాత ఆమె గుసగుసగా మాట్లాడటం, జీవితంలో మొదటిసారి కాబోలు, నేర్చుకుంది. ఏం మాట్లాడుకున్నారో మాకు వినిపించలేదు. నేను వినడానికి ప్రయత్నించలేదు కూడా.

బయటికి వచ్చి కలం అడిగింది. కాగితం బల్ల మీద పెట్టుకుని, బండకు రాసినట్టే రాసింది. 'మాణె' దగ్గరికి వచ్చేసరికి అచ్చు వాక్యాలన్నీ అక్షరాల కింద మునిగిపోయాయి, కాగితం అంచు వచ్చేసింది. మిగిలిన 'మ్మ' బల్ల మీద పడింది. ఆసుపత్రి గుమాస్తా లబోదిబోమన్నాడు. సంతకానికి గీత ఉందనీ, ఇది చెల్లదనీ, వేలిముద్ర అయితే ఏ గొడవా ఉండదనీ అన్నాడు.

"వేలు ఇయ్య," అన్నది మాణెమ్మ.

డాక్టరుగారు కొత్త కాగితం తెప్పించి వెనక్కి తిప్పారు. ఖాళీగా ఉన్న ఆ వైపు మొత్తం మీద ఆమె తన పేరు రాసింది. ఈసారి సరిపోయింది.

మిగిలినది

శుక్రవారం పెద్ద డాక్టరు వచ్చాడు. ఆ పొద్దున నర్సప్పకు జ్వరం ఉంది. జ్వరం మీద కత్తి పెట్టనని చెప్పి, వచ్చే నెల చూద్దామని మరో ఇద్దరికి ఆపరేషన్లు చేసి వెళ్ళిపోయాడు. నేను ఇది రాసే నాటికి ఆ వచ్చే నెల ఇంకా రాలేదు. నర్సప్ప ఇప్పుడు పెద్ద అక్షరాలు రాయడం అలవాటు చేసుకుంటున్నాడనీ, ఒక ఉత్తరానికి నాలుగు కాగితాలు పడుతున్నాయనీ ఏడో మంచం పంతులు నాకు కార్డు రాశాడు. జ్వరం సంగతి రాయలేదు.

డాక్టరుగారు తెలుగులో రాసిన ఆ కాగితాన్ని ఆసుపత్రిలో ఉంచుకుందామని గుమాస్తా అడిగాడు. ఇంకో రోగి ఇంటివాళ్ళకు పనికొస్తుందని. అది తాను చదివి ఒప్పుకున్న కాగితమనీ, తన దగ్గరే ఉండాలనీ చెప్పి మాణెమ్మ తాండూరుకు తీసుకుపోయింది. వరండాలో సుద్ద అక్షరాలు మర్నాడు పొద్దున తుడిచేశారు. ఆసుపత్రి బీరువాలో ఇప్పుడున్నవన్నీ ఇంగ్లీషు కాగితాలే.